సగం మాత్ర

మా మామ్మ మందుల డబ్బా స్టీలుది. మూత మీద మా తాతయ్య పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది. ఆయన రైల్వేలో రిటైరైన రోజున తోటివాళ్ళు స్వీట్లు పోసి ఇచ్చిన డబ్బా అది. స్వీట్లు ఒక్క పూటలో అయిపోయాయి. డబ్బా మటుకు ఆ తరవాత ఇరవై ఏళ్ళు మందులు మోసింది. మూత తీస్తే నొప్పుల బామూ వామూ కలిసిన వాసన వచ్చేది. లోపల పాత క్యాలెండరు కాగితాలు చించి, నాలుగు మడతలు పెట్టి, వాటిలో దాచిన సగం మాత్రలు ఉండేవి.

సగం ఎందుకంటే, మామ్మ లెక్కలో మగాడికి ఒక మాత్ర, ఆడపిల్లకి సగం. జ్వరమైనా తలనొప్పయినా అంతే. "గుంటలకి సగం సాల్లే, వేడి సేసేస్తాది" అనేది. గోటితో మాత్రని టక్కున విరిచి ఒక ముక్క నా నోట్లో వేసి, రెండోది కాగితంలో చుట్టి డబ్బాలో పడేసేది. మా ఇంట్లో సగం మాత్రని పారెయ్యడం అన్నం పారేసినంత తప్పు. ఆ చుట్టిన సగం ఎప్పుడో ఒకప్పుడు మా చెల్లికి వచ్చేది. చెల్లి అంటే మా చిన్నాన్న కూతురు. నాకంటే మూడేళ్ళు చిన్నది. మా ఇద్దరికీ చిన్నప్పటినుంచీ ఒకటే మాత్ర.

మా వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. తాతయ్య రైలుతోపాటు రాయ్‌పూర్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. చిన్నాన్నకి వ్యాగన్లు బాగుచేసే షాపులో ఉద్యోగం, రైల్వే క్వార్టరు, మామ్మ ఆయన దగ్గరే ఉండేది. మా అమ్మానాన్నలు డోంగర్‌గఢ్‌లో ఉండేవారు. చదువుకోసం నన్ను మామ్మ దగ్గర వదిలారు, చదువు అయ్యాక ఉద్యోగమూ ఇక్కడే దొరికింది. భన్‌పురిలో ఒక లారీల ఆఫీసులో రసీదులు టైపు చేసేదాన్ని. చెల్లికి ఆరో ఏట వాళ్ళమ్మ కామెర్లతో పోయింది. దాన్ని ఎత్తుకు తిరిగి నా నడుం ఒక పక్కకి ఒరిగిపోయిందని మామ్మ ఎగతాళి చేసేది. అది నిజమేనేమో, ఇప్పటికీ దర్జీ నా జాకెట్టు కొలతలు రెండుసార్లు తీసుకుంటాడు.

మా ఇంటి తెలుగు విచిత్రమైన తెలుగు. మామ్మది అచ్చం సిక్కోలు మాట. చిన్నాన్నది సగం హిందీ. చెల్లికైతే తెలుగు కూరలో ఉప్పంత. దానికి తెలుగులో రాయడం రాదు, చదవడం రాదు, తిట్టడం మాత్రం బాగా వచ్చు. ఇలాంటి ఇంట్లో ఒక్కో మాట నాలుగు పనులు చేస్తుంది. అందులో 'మందు' ఒకటి. మామ్మ డబ్బాలోది మందు. శనివారం సాయంత్రం చిన్నాన్న గ్లాసులోదీ మందే. బొద్దింకలకి పెట్టేది మందు. ఏది ఏ మందో పక్కనున్న మాటనిబట్టి తెలుసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి గురించి అంటున్నారన్నదాన్నిబట్టి తెలుసుకోవాలి. మగాడు మందు తాగాడంటే మామ్మ మూతి తిప్పుకునేది. ఆడది మందు తాగిందంటే గుండె బాదుకునేది. మామ్మ సొంత చెల్లెలు పద్దెనిమిదో ఏట జీడితోటకి కొట్టే మందు తాగి చచ్చిపోయింది. మామ్మ ఆ కథ ఎప్పుడూ మొత్తం చెప్పలేదు, మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చెల్లి చావులో ఈ మాటకీ ఆ సగం మాత్రకీ కూడా వంతు ఉంది. మూడో వంతు నాది.

ఆ ఏడు చెల్లికి ఇరవై. హోటల్ మేనేజ్‌మెంటు చదవడానికి భోపాల్ వెళ్తానంది. చిన్నాన్న వద్దన్నాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు, కానీ వద్దన్నాడంటే వద్దనే. అది రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు గుఢియారీ అండర్‌బ్రిడ్జి దగ్గర నిలబడి నా డబ్బులతో మూడు ప్లేట్లు గుప్‌చుప్, అదే పానీపూరీ, తిని, కోపం మర్చిపోయింది. మా చెల్లి కోపం అంతే. ఈ సంగతి ఒక్క నాకే తెలుసు. చిన్నాన్న మటుకు అది ఇంకా లోపల కుమిలిపోతోందనే అనుకునేవాడు.

మే నెలలో ఒక శనివారం దాని కాలేజీ స్నేహితులు పార్టీ అన్నారు. మందిర్ హసౌద్ వైపు వెళ్ళే రోడ్డు మీద కొత్తగా ఒక క్లబ్బు వచ్చింది. మా ఊళ్ళో ఆడపిల్లలు చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి కాబట్టి, ఆ క్లబ్బువాళ్ళు తెలివిగా రాత్రిని మధ్యాహ్నానికి తెచ్చారు. పన్నెండునుంచి ఐదుదాకా పార్టీ. ఇంట్లో మేము స్నేహితురాలి అక్క మెహందీ అని చెప్పాం. చెల్లి నమ్మకం కుదరడానికి ఒక చేతికి నిజంగానే గోరింటాకు కోను పూసుకుంది. నేను వెళ్ళింది దానికి కాపలాగా. అలా అని చెప్పుకున్నాను. నిజానికి నాకూ చూడాలనే ఉంది. ఇరవైమూడేళ్ళు వచ్చాయి, లారీ నంబర్లు టైపు చెయ్యడం తప్ప ఏమీ చూడలేదు.

బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల అడుగు పెట్టగానే అర్ధరాత్రి. కిటికీలన్నిటికీ నల్లటి దళసరి పరదాలు. ఒకచోట పరదా సరిగా కలవక సన్నటి వెలుతురు గీత నేలమీద పడి ఉంది, అదొక్కటే పగలు. మిగతాదంతా నీలం, ఊదా, మళ్ళీ నీలం. నా కళ్ళు ఆ గీత మీదికే పోయేవి. చెల్లి దాన్ని తొక్కుతూ దాటుతూ నాట్యం చేసింది. దాని పాదం వెలుగులోకి వచ్చి, బంగారంలా మెరిసి, మళ్ళీ చీకట్లోకి పోయేది. ఆ పాదం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. కలలో కూడా వెండి పట్టీ ఒక కాలికే ఉంటుంది, రెండోది అది పదో క్లాసులో పోగొట్టుకుంది.

మాత్రలు తెచ్చినది దాని క్లాసు పిల్ల. గులాబీ రంగు, మీద హృదయం గుర్తు, పటికబెల్లం పలుకంత. "కుఛ్ నహీ దీదీ, బస్ ప్యార్ ఆతా హై సబ్ పే" అంది. ఏమీ కాదట, అందరిమీదా ప్రేమ పుడుతుందట. అందులో ఏం కలిపారో ఆ పిల్లకి తెలియదు, దానికి అమ్మినవాడికీ తెలిసి ఉండదు. నేను అడగలేదు. మా చెల్లి ఒకటి నోట్లో వేసేసుకుంది. నేను మామ్మ మనవరాలిని కదా, గోటితో టక్కున విరిచాను. సగం మింగాను. మిగతా సగాన్ని చూయింగ్‌గమ్ వెండి కాగితంలో నాలుగు మడతలు పెట్టి చుట్టి పర్సు చిన్న జేబులో దాచాను. ఎందుకు దాచానని అడిగితే ఏం చెప్పను? సగం మాత్రని మా ఇంట్లో దాస్తారు, అంతే. ఆ మడతలు పెట్టింది నా బుర్ర కాదు, నా వేళ్ళు.

తరవాత వచ్చింది నిజంగానే ప్రేమ. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అబద్ధం రాయలేను. నా అరచేతులు మెత్తబడ్డాయి. పాట చెవుల్లోంచి కాక ఒంట్లోంచి వస్తున్నట్టుంది. మామ్మ మీద, చిన్నాన్న మీద, లారీ ఆఫీసులో రోజూ నా మీద కసిరే ముసలి మేనేజరు మీద కూడా ప్రేమ పుట్టింది. వాడికి ఫోన్ చేసి సారీ చెబుదామనుకున్నాను, దేనికో తెలియదు. చెల్లి జుట్టు ముట్టుకుంటే చేపపిల్లల్ని ముట్టుకున్నట్టు జారిపోయింది. కాలం ఆగిందనుకున్నాను.

దానికి మాత్రం ఏమీ కాలేదట. ముప్పావుగంట తరవాత నా చెవిలో అరిచింది. "అక్కా, నాకేం కావట్లే. నకలీ మాల్ హై. నీ సగం ఉంది కదా, దే నా."

నకిలీ కాదు. కొన్ని ఒంటికి ఎక్కడానికి గంట పైన పడుతుంది, ఎక్కలేదు కదా అని రెండోది వేసుకున్నవాళ్ళకి రెండూ ఒకేసారి ఎక్కుతాయి. ఇది నాకు ఆ తరవాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే, చిన్నప్పటినుంచీ దాచిన సగం దానిది. వెండి కాగితం విప్పి దాని నాలుక మీద పెట్టాను. నవ్వుతూ పెట్టాను.

ఆ తరవాత అది ఎంతసేపు ఆడిందో తెలియదు. ఏసీ అంతమందికి చాలడం లేదు. ఎవరూ మంచినీళ్ళు తాగలేదు, కూచోలేదు. మొదట చెల్లి దవడ బిగించడం చూశాను, చింతపిక్క కొరుకుతున్నట్టు. తరవాత అది నన్ను చూసి "అమ్మా" అంది. నేను నవ్వాను. మళ్ళీ "అమ్మా, ఎండగా ఉంది" అంది, ఆ చీకట్లో. చెయ్యి పట్టుకున్నాను. చెమట లేదు. పొడిగా, పొయ్యిమీంచి దించిన మూకుడులా ఉంది.

మాత్ర ఇచ్చిన పిల్ల దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఘర్ లే జావో దీదీ, హాస్పిటల్ మత్ జానా, పోలీస్ కేస్ బనేగా" అంది. ఇంటికే తీసుకెళ్ళు, ఆస్పత్రికి వద్దు అని. తరవాత ఆ గుంపులో ఒక్కరూ కనిపించలేదు.

తలుపు తీసుకుని బయటికి వస్తే తెల్లటి ఎండ. నాలుగు గంటల వడగాలి మొహాన కొట్టింది. కల మధ్యలో ఎవరో లేపి వీధిలో నిలబెట్టినట్టు ఉంది. ఆటో దొరికింది. ఆటో ఆయన పెద్దవాడు, చెల్లిని ఒక్క చూపు చూసి "నోనీ ల లూ లగ్ గే హే" అన్నాడు, పిల్లకి వడదెబ్బ తగిలిందని. తన మెడలోని గంఛా తువ్వాలు నీళ్ళలో తడిపి దాని తలకి చుట్టాడు. చొక్కా జేబులోంచి ఉల్లిపాయ తీసి నా చేతిలో పెట్టాడు. వడగాలికి మా ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఉల్లిపాయ ఉంటుంది. దారిలో రెండు పెద్ద ఆస్పత్రులు దాటాం. రెండుసార్లూ ఆయన వెనక్కి తిరిగి "రోకఁవ్ కా?" అని అడిగాడు, ఆపనా అని. రెండుసార్లూ నేను ఉల్లిపాయ పట్టుకుని వద్దని తల ఊపాను. నాకప్పటికీ అందరిమీదా ప్రేమగానే ఉంది. భయం ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఏడుస్తున్న పసిబిడ్డలా వినిపిస్తోంది.

ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంది. చెల్లిని సిమెంటు నేలమీద పడుకోబెట్టాం. కాళ్ళు కొయ్యబారి ఉన్నాయి. మామ్మ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఏటే ఇది? ఒళ్ళు కాలిపోతంది! ఏటి తిన్నాదే? ఎండకి ఇలగయిపోద్దేటి?"

చెప్పాలి. ఏ మాటతో చెప్పాలి? మామ్మకి పార్టీ తెలియదు, క్లబ్బు తెలియదు. టీవీలో వినపడే ఆ ఇంగ్లీషు మాట మా ఇంటి గడపలోపల నోటికి రాదు. వెతికి వెతికి నాకు దొరికిన ఒకే ఒక్క తెలుగు మాట అన్నాను.

"మందు మామ్మా. ఏదో మందు తీసుకుంది."

మామ్మ మొహం నేనెప్పుడూ చూడని మొహం అయిపోయింది. ఆమె ముందున్నది మా చెల్లి కాదు, జీడితోటలో పడి ఉన్న ఆమె చెల్లి.

"ఓలమ్మో! గుంట మందు తాగీసినాదిరా నాయనో!"

కాదు మామ్మా, ఆ మందు కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క ఊపిరి. నేను నోరు తెరిచాను. అప్పుడే గుమ్మంలో చిన్నాన్న, చేతిలో టిఫిన్ డబ్బాతో, షాపునుంచి వచ్చిన నూనె మరకల చొక్కాతో. మామ్మ కేక విన్నాడు. టిఫిన్ డబ్బా కింద పడింది. నేను నోరు మూసుకున్నాను. నిజం చెప్పేస్తాను, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. మామ్మ తప్పుగా విన్న మాటలో నేను లేను. క్లబ్బు లేదు, గులాబీ మాత్ర లేదు, వెండి కాగితం లేదు. ఆ మాట చాటున దాక్కున్నాను.

మామ్మ ఉప్పునీళ్ళు కలిపి దాని నోట్లో పొయ్యబోయింది. దవడ తెరుచుకోలేదు. చిన్నాన్న దాన్ని ఒళ్ళోకి తీసుకుని బుగ్గలు తడుతూ ఏడ్చాడు. ఆయన ఏడవడం మా పిన్ని పోయినప్పుడు కూడా చూడలేదు.

"నాదే తప్పమ్మా. భోపాల్ పంపిస్తాను. కసమ్ సే పంపిస్తాను. రేపే టికెట్ కొంటాను. కళ్ళు తెరువమ్మా, ఒక్కపాలి నాకేసి సూడమ్మా."

అది భోపాల్ ఎప్పుడో మర్చిపోయిందనీ, గుప్‌చుప్ తిని మర్చిపోయిందనీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దగ్గరలోనే ఒక చిన్న నర్సింగ్‌హోం ఉండేది. చిన్నాన్న దాన్ని చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తాడు. మామ్మని ఇంట్లోనే వదిలి నేనూ వెనకే పరిగెత్తాను. చిన్నాన్న డాక్టరుతో "జహర్ పీ లీ హై సాబ్, మైనే పఢ్‌నే నహీ భేజా, ఇసీలియే" అన్నాడు, నేను చదువుకి పంపలేదని విషం తాగింది అని. జేబులోంచి మా వంటింటి బొద్దింకల మందు సీసా తీసి బల్లమీద పెట్టాడు. పరిగెత్తే ముందు అదెప్పుడు తీసుకున్నాడో. మా ఇంట్లో ఉన్న విషం అదొక్కటే, కాబట్టి అదే తాగి ఉంటుందని ఆయన నిర్ధారణ.

వాళ్ళు విషానికి చేసే వైద్యం మొదలుపెట్టారు. కడుపు కడగడానికి గొట్టం తెచ్చారు. బిగిసిన దవడతో కుస్తీ పట్టారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. గోడ చల్లగా బాగుంది. గోడ చల్లగా ఉందని నాకు అనిపించినందుకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

డాక్టరు కుర్రాడే, నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. చెల్లి కనురెప్ప ఎత్తి టార్చి వేసి ఆగిపోయాడు. సీసా చూశాడు, మళ్ళీ కన్ను చూశాడు. ఈ విషమైతే కంటిపాప చిన్నదైపోవాలి, ఇంత పెద్దగా ఎందుకుంది, ఒళ్ళెందుకిలా కాలుతోంది అని హిందీలో తనలో తానే గొణుక్కున్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. టార్చి నా మొహం మీద వేశాడు. వెలుతురు సూదిలా గుచ్చుకుంది.

"ఇస్‌కీ భీ వైసీ హీ హై" అన్నాడు, దీని కళ్ళూ అలాగే ఉన్నాయని. తరవాత చాలా నెమ్మదిగా, "క్యా లియా తుమ్ దోనోఁ నే?" అన్నాడు, మీరిద్దరూ ఏం తీసుకున్నారని.

చిన్నాన్న నా వైపు తిరిగాడు.

తెలుగులో చెప్పలేకపోయింది హిందీలో వచ్చేసింది. "గోలీ. పార్టీ వాలీ గోలీ. మైనే ఆధీ, ఇస్‌నే డేఢ్." నేను సగం, ఇది ఒకటిన్నర. చిన్నాన్న వ్యాగన్ల లెక్క రాసే మనిషి. సగమూ ఒకటిన్నరా కలిపితే రెండని, రెండు మాత్రల్లో ఎవరి సగం ఎవరి నోట్లోకి పోయిందని ఆయనకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

డాక్టరు గొట్టం పక్కకి నెట్టేశాడు. "బరఫ్!" అని అరిచాడు. ఐసు! ఎంత దొరికితే అంత! చిన్నాన్న బయటికి పరిగెత్తి చెరుకురసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టిన ఐసు దిమ్మని బండివాడు అరుస్తున్నా వినకుండా భుజాన వేసుకుని వచ్చాడు. సుత్తి దొరక్క నేలకేసి కొట్టాడు. ఆ ముక్కలు చెల్లి చంకల్లో, మెడ దగ్గర, తొడల మధ్య పెట్టాం. రంపంపొట్టు అంటుకున్న ఐసు. అది దాని ఒంటిమీద పెట్టినది పెట్టినట్టు కరిగిపోయింది. సూది మందు ఇచ్చారు, సెలైన్ పెట్టారు, పెద్దాస్పత్రికి అంబులెన్స్ పిలిచారు. గోరింటాకు పూసుకున్న చెయ్యి నా చేతిలో ఉంది. ఎర్రగా పండింది.

మర్నాడు తెల్లవారుతుండగా అది పోయింది. లోపల రక్తం గడ్డకట్టే పద్ధతే పాడైందని, ఒంట్లో ఏదీ ఆ వేడికి తట్టుకోలేదని పెద్ద డాక్టరు చెప్పాడు. ముందే ఐసు పెట్టి ఉంటే అని నేను అడిగాను. అలాంటి ప్రశ్నకి జవాబు లేదమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా. నాకు తెలుసు. క్లబ్బు గుమ్మంనుంచి ఆ టార్చి వెలుతురుదాకా గంట పైమాట. దారిలో రెండు ఆస్పత్రులు. ఇంట్లో ఒక ఊపిరి. ఎక్కడో ఒకచోట నేను ఒక్క మాట విప్పి చెప్పి ఉంటే అది బతికేదనే నేను నమ్ముతాను.

పోలీసు వచ్చాడు, కాగితాలు రాసుకున్నాడు. చిన్నాన్న ఆయనతో వరండాలో మాట్లాడాడు. అందులో ఏం రాశారో నేను చూడలేదు, మా వాళ్ళెవరూ చూడలేదు. సిక్కోలులో మా వాళ్ళ ఊరికి మాత్రం చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"సదువుకి పంపనన్నాను. మందు తాగీసింది."

ఫోన్ పెట్టేశాక నేను ఆయన కాళ్ళమీద పడ్డాను. అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. మామ్మకి ఈ క్షణమే చెబుతానన్నాను. ఆయన నన్ను లేపలేదు, తన్నలేదు. ఎటో చూస్తూ అన్నాడు.

"ఒక గుంట పోనాది. రెండో గుంటని కూడా పోగొట్టుకోమంటావేటే? నోరు ముయ్యి. పెళ్ళి కావాల నీకు."

అలా మామ్మ పొరపాటుగా విన్న మాటనే ఆయన నిజం చేసేశాడు. తన కూతుర్ని తనే చంపుకున్నవాడిగా ఊరి ముందు నిలబడ్డాడు. నేను నిలబడనిచ్చాను.

మామ్మ ఆ తరవాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ చిన్నాన్నతో మాట్లాడలేదు. ఆయన పెట్టిన కంచం ముట్టుకునేది కాదు, నేను పెడితేనే తినేది. ఇంట్లో బొద్దింకల మందు మాన్పించింది, ఫినాయిలు కూడా తాళం వేసి పెట్టేది. సాయంత్రాలు నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని, నా బుగ్గ తడిమేది. "నువ్వు గాబట్టి దాన్ని ఇంటికి తెచ్చినావు తల్లీ. ఆడు నా గుంటని సంపీసినాడు, నువ్వు తెచ్చినావు" అనేది. గుమ్మం అవతల చిన్నాన్న చెప్పులు విప్పుకుంటున్న చప్పుడు వినిపించేది. ఒక్కసారి కూడా ఆయన తల ఎత్తి నన్ను చూడలేదు. పోయేముందు తులసినీళ్ళు కొడుకు పొయ్యాలి. మా నాన్న డోంగర్‌గఢ్‌నుంచి ఇంకా రాలేదు, చిన్నాన్నే గ్లాసు పట్టుకొచ్చాడు. మామ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఆ నీళ్ళు నేనే పోశాను.

నాకు పెళ్ళయింది. ఇక్కడే, గుఢియారీలో కాపురం. మామ్మ డబ్బా నా దగ్గరే ఉంది. చిన్నాన్న శనివారం గ్లాసు ఆ మే నెలతోనే మానేశాడు. రిటైరై ఒక్కడే గదిలో ఉంటాడు, ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తాడు. నాలుగేళ్ళక్రితం ఆయనకి బీపీ వచ్చింది. డాక్టరు రోజుకి సగం మాత్ర రాశాడు. ఆదివారం భోజనమయ్యాక "మందియ్యే" అని చెయ్యి చాపుతాడు. నేను గోటితో విరిచి సగం ఆయన చేతిలో పెడతాను. రెండో సగాన్ని వంటింట్లోకి పోయి తూములో పారేసి నీళ్ళు వదులుతాను. నేను సగం మాత్ర దాచను. నా పిల్లలకి జ్వరమొచ్చినా అంతే.

మొన్న ఆదివారం ఆయన వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. కొళాయి తిప్పుతున్న నా చేతిని, రెండో చేతిలో ఇంకా పారెయ్యని సగాన్ని చూశాడు.

"పెతీ పాలీ పారేస్తన్నావేటే?"

"అవును చిన్నాన్నా."

బయట రైలు పోయింది, గిన్నెలు కొంచెం అదిరాయి. ఇన్నేళ్ళలో ఆయన అనని మాట ఆ చప్పుడు కింద అన్నాడు.

"ఆ యేళ పారేసుంటే బాగుండేది."

"అవును చిన్నాన్నా" అన్నాను. కొళాయి కట్టేశాను. గులాబీ రంగు కాదు, తెల్లటి మాత్ర, నా తడి అరచేతిలో అంచులు కరగడం మొదలైంది. ఆయన గోడకున్న క్యాలెండరునుంచి పోయిన నెల కాగితం మూల చింపాడు. నా చేతిలోంచి ఆ సగం తీసుకుని, మామ్మ మడిచినట్టే నాలుగు మడతలు పెట్టాడు. ముసలి వేళ్ళు, మడత సరిగా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాడు. చొక్కా జేబులో వేసుకుని పైనుంచి ఒకసారి తట్టుకున్నాడు.

"సగం నా దగ్గిరుండనీ" అన్నాడు.